బాణానికి ఎదురు

ప్రయోగశాల వెనక గది. బయట వాన, లోపల కరెంటు లేదు. ఆయన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు; ఎడమచేతి చూపుడువేలు యంత్రంలో ఇరుక్కుపోయింది. పక్కన మరదలు చిట్టి, చేతిలో టార్చి.

"ఈ పలక అతికించింది రెండేళ్ళ కిందట, నవంబరు పదకొండున."

"అంత గట్టిగా ఎలా చెబుతున్నారు బావా?"

"తిన్నది గుర్తుంది కాబట్టి. మధ్యాహ్నం ముగ్గురం ఈ బల్ల దగ్గరే తిన్నాం. బ్రెడ్డు, ఉడకబెట్టిన గుడ్లు, నారింజపళ్ళు. మీ అక్క నారింజ వలిచి, తొనలన్నీ చెత్తబుట్టలో వేసి, తొక్కలు తీసుకొచ్చి పళ్ళెంలో సర్దింది. నవ్వలేక చచ్చాం. నీకు పొలమారింది కూడా."

"గుర్తుంది."

"తిన్నాక, తను చేసిన ఈ పింగాణీ పలక నా చేతిలో పెట్టింది. నూనెలోంచి తీసి తుడిచిందేమో, ఇంకా వెచ్చగా ఉంది. అప్పటికప్పుడే తెచ్చి ఇందులో అతికించాను. ఎందుకడిగావు?"

"ఊరికే."

"వేలు ఇరుక్కున్నవాణ్ణి పట్టుకుని ఊరికే తారీఖులు అడుగుతారా ఎవరైనా?"

"కదలకండి. టార్చి ఇటు పడనివ్వండి. బావా, వేలు రంగు మారుతోంది."

"ఏ రంగు?"

"చెప్పను."

"సరే, చెప్పకు. ఎడమచెయ్యే కదా. స్టూలు కాలికి అందింది, కూర్చున్నాను. నువ్వు గొడుగు మర్చిపోయి వెనక్కి వచ్చావు. రాకపోతే పొద్దున ఊడ్చేవాళ్ళు వచ్చేదాకా ఈ యంత్రంతో కరచాలనం చేస్తూ నిలబడేవాణ్ణి. పైగా నిన్ననే ఫిట్టరు దీని కడ్డీ కొసకి గుండ్రటి మొన బిగించాడు."

"అయితే?"

"చదును మొన అయితే ఒత్తిడంతా అంచుల్లో పోగుపడుతుంది. ఈపాటికి కత్తిలా తెగ్గోసేది. గుండ్రటిది కాబట్టి నడిమధ్య నొక్కుతోంది, అంతే. అదో మేలు."

"వేలు పోతుంటే మేలు వెతికే మనిషిని మిమ్మల్నే చూశాను."

"వెతికితే దొరికాయి కదే."

"అసలు లోపల చెయ్యెందుకు పెట్టారు?"

"దుమ్ము తుడుద్దామని."

"రెండేళ్ళుగా, నిన్న మొన బిగించేదాకా, గుడ్డ కప్పి ఉన్న యంత్రం. ఆ రోజు మీరు పలక అతికించారు, అంతే. అక్క మళ్ళీ ఇటు రాలేదు, మీరూ ముట్టుకోలేదు. దానికి ఇవాళే దుమ్ము పట్టిందా?"

"రేపు కొత్తవాళ్ళు దీన్ని తీసుకోవడానికి వస్తున్నారు కదా. పరాయివాళ్ళ చేతికి ఇచ్చేటప్పుడు శుభ్రంగా ఇవ్వొద్దూ?"

"తుడవడానికి కరెంటు పెట్టి, కడ్డీ పైకెత్తి, దాని వెనక దాకా చెయ్యి పెట్టాలా?"

"చిట్టీ, వాచ్‌మన్ వెళ్ళి ఎంతసేపయింది?"

"మాట మార్చకండి. ఫిట్టరు ఇల్లు వంతెన అవతల. వంతెన మీద నీళ్ళొచ్చాయి. ఇందాక ముందు గదికెళ్ళి వాచ్‌మన్‌కి ఫోన్ చేశాను, ఫిట్టరు రంపం తీసుకుని బయల్దేరాడట, చుట్టూ తిరిగి రావాలి. ఇంకో అరగంటైనా పడుతుంది."

"అరగంటా."

"అంతసేపు ఈ వేలు ఆగదు. నాకు రంగు కనిపిస్తోంది, మీకు కనిపించడంలేదు. మనమే ఏదో ఒకటి చెయ్యాలి. మరలు విప్పేస్తే?"

"విప్పలేం. జిగురు పోసి బిగించాం. ఇసుమంత కదిలినా కొలతలు పాడవుతాయని."

"ఎవరిదా తెలివి?"

"నాదే."

"బాగుంది. అసలెందుకు బిగుసుకుంది ఇది? మట్టి కలపడం, కాల్చడం, వేడి నూనెలో పెట్టి కరెంటుతో పలకకి దిక్కు ఎక్కించడం వరకే నా పని. ఈ యంత్రం మీరు కట్టింది. నాకు అర్థమయ్యేట్టు చెప్పండి, త్వరగా."

"కడ్డీ కొసన ఉక్కు మొన ఉంది కదా. దాన్ని దేనికైనా తాకించి మెల్లగా నొక్కుతాం. ఎంత మేర అంటుకుంది, ఎంత లోపలికి దిగింది, అక్కడ ఎంత కరెంటు పుట్టింది, అది చూడ్డమే ఈ యంత్రం పని. నొక్కాక కడ్డీ జారిపోకుండా పక్కనుంచి పట్టుకునేది మీ అక్క పలక."

"పలక సంగతి నాకు చెప్పక్కర్లేదు. ఒక పొర కరెంటుది, ఒక పొర అయస్కాంతానిది. ఉమ్మడి కుటుంబం. ఒకళ్ళని గిల్లితే ఇంకొకళ్ళు ఏడుస్తారు."

"మీ అక్క మాట."

"అక్క మాటే."

"అదే జరిగింది. కరెంటు పోయింది, కడ్డీని ఎత్తి పట్టిన తీగచుట్టలో అయస్కాంతం చటుక్కున చచ్చింది. ఆ ఉలికిపాటుకి అయస్కాంతం పొర ముడుచుకుంది. అది పక్క పొరని గిల్లింది. ఆ పొరలో కరెంటు పుట్టింది. దాంతో పలక మొత్తం ఉబ్బింది. ఉబ్బి, పడుతున్న కడ్డీని ఎక్కడ ఉన్నదాన్ని అక్కడే కరిచి పట్టుకుంది. ఆ ‘అక్కడ’లో నా వేలుంది."

"మరి పట్టు వదిలించేది ఎలా?"

"గోడకి ఆ పసుపు పెట్టె ఉంది చూడు. కరెంటు పోతే పనికొస్తుందని పెట్టాను. అందులో ఒక దెబ్బకి సరిపడా కరెంటు దాచి ఉంటుంది."

"ఒక్క దెబ్బే?"

"ఒక్కటే. పచ్చలైటు వెలుగుతోందా?"

"వెలుగుతోంది. మసగ్గా ఉంది."

"కారిపోతోందన్నమాట. ఆ లైటు ఆరేలోగా కొట్టాలి. పక్కన స్విచ్చి ఉంది. పైకి పెట్టి బటన్ నొక్కితే కరెంటు పలకలో పైకి పోతుంది. కిందికి పెడితే కిందికి. పలకకి దిక్కుంది, దాన్నే బాణం గీసి గుర్తు పెడతాం. బట్ట సంగతి నీకు తెలుసుగా, పోగు వెంట లాగితే సాగదు, మూలగా లాగితే సాగుతుంది."

"నాకు బట్టల పాఠం చెప్పకండి, లైటు ఆరిపోతోంది!"

"బాణం ఎటు చూస్తే అటు కరెంటు పంపితే ఉబ్బుతుంది. ఎదురు పంపితే సన్నబడుతుంది. సన్నబడిన క్షణంలో నేను కుడిచేత్తో కడ్డీ పైకి లాగేస్తాను."

"దిక్కు తప్పితే?"

"ఇప్పటికే ఉబ్బి ఉంది. ఇంకా ఉబ్బితే పగులుతుంది. పగిలిన పింగాణీ పెచ్చులు కడ్డీ పక్కన మేకుల్లా దిగిపోతాయి. ఇక ఫిట్టరు వచ్చినా రాత్రంతా కొయ్యడమే."

"అప్పటికి వేలు?"

"వేలు మాట అలా ఉంచు. ఆ సందులోంచి టార్చి వేసి చూడు. పలక మీద బాణం కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది. అక్క గీతే. కొసన కొక్కెంలా తిప్పింది."

"ఎటు చూస్తోంది?"

"పైకి."

"పైకేగా. అయితే స్విచ్చి కిందికి. బాణానికి ఎదురు. కానియ్యి."

"బావా, ముందు మీటరు పెట్టి దిక్కు చూస్తే?"

"మీటరు ముల్లు కదలాలంటే పలకని ఇంకాస్త నొక్కాలి. అది నొక్కాలంటే కడ్డీని నొక్కాలి. కడ్డీ కింద ఎవరున్నారు?"

"మీరు."

"నేనే. స్విచ్చి తిప్పావా?"

"తిప్పాను."

"కిందికేగా?"

"పైకి."

"బాణం పైకి చూస్తోందన్నావు."

"అవును."

"మరి స్విచ్చి పైకి పెడితే?"

"ఆ బాణం తప్పు బావా."

"ఎవరు చెప్పారు?"

"నేను చెబుతున్నాను."

"అది మీ అక్క గీసిన బాణం."

"అందుకే చెబుతున్నాను."

"ఏమంటున్నావో అర్థమవుతోందా నీకు?"

"అవుతోంది. ఇన్నాళ్ళూ చెప్పకుండా ఉండటానికి ఎంత తిప్పలు పడ్డానో కూడా అర్థమవుతోంది. ఇంకో దారి ఉంటే ఇప్పుడూ చెప్పేదాన్ని కాదు. ఆ ఏడు ఎండలు తగ్గినప్పట్నుంచి అక్క బాణాలు తలకిందులుగా గీసేది."

"ఎప్పుడో ఒకటి…"

"మొదట్లో ఒకటీ అరా. వానలు తగ్గుముఖం పట్టేసరికి అన్నీ."

"అన్నీ?"

"అన్నీ. సాయంత్రం తను చేతులు కడుక్కుని మీతో ఇంటికి వెళ్ళేది కదా. అప్పుడు ఒక్కో పలకా మీటరు కింద పెట్టి చూసేదాన్ని. తప్పు గీసినవి స్పిరిట్‌తో తుడిచి మళ్ళీ గీసేదాన్ని. అక్క గీసినట్టే, కొసన ఆ కొక్కెంతో సహా. పొద్దున్నే వచ్చి వాటిని చూసుకుని, ‘నా చెయ్యి ఇంకా పాడవలేదే చిట్టీ’ అని మురిసిపోయేది. వింటున్నారా బావా?"

"ఉన్నానులే. ఎక్కడికి పోతాను."

"ఏదైనా అనండి."

"నువ్వు రోజూ ఆలస్యంగా ఇంటికొస్తున్నావని మీ అక్క బెంగపడేది. ‘దీనికి ఎవరో దొరికారు, మనకి చెప్పడంలేదు’ అని రాత్రిళ్ళు నా బుర్ర తినేది."

"దొరికాడు. స్పిరిట్ సీసా."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీకు చెబితే డాక్టరు దగ్గరికి పదమనేవారు. డాక్టరు ఇంట్లో కూర్చోమనేవాడు. ఇంట్లో కూర్చుంటే అక్క ఏమవుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. చివరికి అదే అయింది కదా. ఆ రోజు ఇంటికి వెళ్ళింది, ఇక మంచం దిగలేదు."

"అంతా ఒక్కదానివే మోశావా?"

"మోయడానికేముంది? దూది ముక్క."

"ఒక్కటైనా… ఆ ఆఖరి రోజుల్లో ఒక్కటైనా సరిగ్గా గీసిందా?"

"ఆ మాట అడగకండి."

"చెప్పు."

"ప్రతి సాయంత్రం అదే అనుకుంటూ మీటరు కింద పెట్టేదాన్ని. ఈ ఒక్కటీ సరిగ్గా ఉండనీ, ఈ ఒక్కటీ ఉండనీ అని. ఒక్కటుంటే చాలు, అమ్మకి చెప్పుకునేదాన్ని. అక్క పోయిందగ్గర్నుంచి అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే అడుగుతుంది. ‘దాని పని దానికి చివరిదాకా తెలిసిందా?’ అని. తెలిసిందమ్మా అంటాను. ‘ఊఁ’ అంటుంది. నేను అబద్ధమాడితే నా గొంతే నన్ను పట్టిస్తుంది అమ్మకి. అందుకే మళ్ళీ వారం మళ్ళీ అడుగుతుంది."

"చిట్టీ, ఇలా చూడు. ఈ పలక…"

"ఈ పలక నా చేతికి రాలేదు. వెచ్చగా ఉండగానే మీరు పట్టుకుపోయారు. అంటే దీనిమీద ఉన్నది అక్క గీసిన గీతే, నేను తుడిచి గీసింది కాదు. అందుకే తారీఖు అడిగాను. ఆ తారీఖుకి ఒక్కటీ సరిగ్గా లేదు. కాబట్టి ఇదీ తప్పు. స్విచ్చి పైకే ఉండాలి. మీరేదో చెప్పబోయారు."

"ఏం లేదు. స్విచ్చి కిందికి తిప్పు."

"ఇంతసేపూ గోడకి చెప్పానా?"

"విన్నాను. ప్రతి మాటా విన్నాను. కిందికి."

"నారింజ తొనలు పారేసి తొక్కలు పళ్ళెంలో పెట్టిన రోజు బావా అది! మీరు నవ్వారు. నాకు పొలమారింది నవ్వి కాదు."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"ఇప్పుడు తెలిసిందంటున్నాను. తొక్కలు వేరు, పలక వేరు. కిందికి తిప్పు."

"ఆ రోజు ఆ నూనెలోంచి తీసినవన్నీ సాయంత్రం నేను చూశాను. ఇదొక్కటి తప్ప. అన్నీ తప్పే."

"ఇది నువ్వు చూడలేదుగా."

"కుండలో మెతుకులన్నీ చూసి, ఒక్క మెతుకు మిగిలితే అది మాత్రం ఉడికిందంటారా?"

"వేలు నాది చిట్టీ."

"వేలు మీదే. బటన్ నాది. పొద్దున మీ వేలికి కట్టు చూసి ‘ఎవరు నొక్కారు?’ అని అడిగితే ఎవరి పేరు చెబుతారు? నా పేరు."

"నువ్వు ఎటు నొక్కినా నిన్నొక్క మాట అనను."

"నా భయమూ అదే! మీరు అనరు. బతికున్నన్నాళ్ళూ అనకుండా, ఎదురుగా కూర్చుని, లేని వేలితో కప్పు పట్టుకుని టీ తాగుతారు. ‘మిగతావి ఉన్నాయిగా’ అంటారు. తిట్టే మనుషులతో వేగొచ్చు గానీ మీతో వేగలేను."

"టీ కుడిచేత్తో తాగుతాను కదే."

"నవ్వించకండి. నాకు ఏడుపొస్తోంది."

"నొప్పి తగ్గింది, అది చెబుదామనుకున్నా."

"తగ్గిందా?"

"ఇందాకటి దాకా ఉంది. ఇప్పుడు తెలియడంలేదు."

"తెలియడంలేదా? అది మంచిది కాదు బావా!"

"తెలియకపోవడం కూడా ఒక విధంగా మే…"

"మేలు అన్నారంటే ఈ టార్చితో కొడతాను!"

"అనను."

"మీరు అక్క తప్పు చెయ్యలేదని నమ్మడానికి వేలు పందెం కాస్తున్నారు. ప్రేమ వేరు, పింగాణీ వేరు. పింగాణీకి మొహమాటం ఉండదు."

"పందెం కాదు."

"మరేమిటి?"

"మీ అక్క బాణం ప్రకారం పోతే ఈ పలక మాట వింటుంది. అంతవరకు నాకు తెలుసు."

"ఎలా?"

"ముప్ఫై ఏళ్ళు కాపురం చేశాను."

"నేను ఆవిడ చంకన పెరిగాను! నాకు జడ వేసిందీ, అక్షరాలు దిద్దించిందీ, మొదటిసారి కొలిమి ముందు కూర్చోబెట్టిందీ ఆవిడే. అక్క తప్పు చేస్తోందని ముందు కనిపెట్టింది ఎవరు? మీరా? పక్కన పడుకున్న మనిషికి తెలియలేదు. నాకు తెలిసింది. అయ్యో. తప్పు మాట అన్నాను."

"ఉన్న మాటే అన్నావు."

"కాదు బావా, కోపంలో…"

"నాకంటే ముందు నీకు తెలిసింది. నిజమే. నాకు తెలిసేసరికి ఆలస్యమైంది. ఆ సంగతి తర్వాత ఎప్పుడైనా కూర్చుని మాట్లాడుకుందాం. లైటు ఎలా ఉంది?"

"నిప్పుకణిక అంత ఉంది."

"టార్చి నోట్లో పెట్టుకో. రెండు చేతులూ ఖాళీ అవుతాయి."

"ఉఁ."

"స్విచ్చి ఎక్కడుంది?"

"ఉఁ ఉఁ."

"టార్చి తీసి చెప్పు తల్లీ."

"పైనే ఉంది. దించలేకపోతున్నా. నేను రెండు కళ్ళతో చూశాను బావా, అన్నేసి పలకలు. తెలిసి తెలిసి తప్పువైపు ఎలా నొక్కను? మీకు నమ్మకం ఉంది. నాకు లెక్క ఉంది. నమ్మకాన్ని చూసి లెక్క తప్పు అనుకోమంటారు."

"అనుకోమనడంలేదు. నీ లెక్క తప్పు కాదు."

"కాకపోతే?"

"ఈ ఒక్కసారికి నా మాట విను. ఎందుకని అడక్కు."

"ఒక్కటి అడుగుతాను. ఒక్కటే. నమ్మకం అని చెప్పకూడదు, కాపురం అని చెప్పకూడదు. స్విచ్చి కిందికి పెడితే వేలు వస్తుందని మీకు తెలుసా? తెలుసా, తెలియదా?"

"తెలుసు."

"అక్క మీద ఒట్టు?"

"మీ అక్క మీద ఒట్టు."

"దించాను. కిందికి దించాను. దేవుడా. బావా, ఒకవేళ తప్పైతే?"

"తప్పైతే ఇంకా తొమ్మిదున్నాయి."

"మళ్ళీ!"

"నోరు జారింది. కడ్డీ పట్టుకున్నాను. పైకి లాగుతూనే ఉన్నాను. నొక్కు."

"నొక్కుతున్నా."

"నొక్కు మరి."

"అక్కా…"

"నొక్కవే!"

"టక్ మంది. బావా, టక్ మంది, లాగండి, లాగండి!"

"కదిలింది."

"కదిలింది! నేనూ పడతాను, ఇటివ్వండి. వస్తోంది. తియ్యండి చెయ్యి! తియ్యండి!"

"తీశాను. వదిలెయ్యి ఇక. వదిలెయ్యి తల్లీ, చెయ్యి బయటికొచ్చింది."

"ఏదీ, చూడనివ్వండి. వంచండి. వంగుతోందా?"

"కొద్దిగా."

"చాలు. కొద్దిగా చాలు. ఇదిగో, ఇక్కడ ఎరుపొస్తోంది. చీమలు పాకినట్టుందా?"

"చీమలు కాదు, తేళ్ళు."

"పాకనివ్వండి. ఎన్ని పాకితే అంత మంచిది. అబ్బ, ఇక కాస్త కూర్చోనివ్వండి."

"స్టూలు మీద కూర్చో. వేడిగానే ఉంది, ఇందాకట్నుంచి నేనే కాచాను."

"సరిగ్గా గీసింది."

"ఏమిటి?"

"అక్క. సరిగ్గా గీసింది బావా. ఆ రోజు. తొక్కలు పళ్ళెంలో పెట్టిన ఆ చేత్తోనే, ఈ ఒక్కటి సరిగ్గా గీసింది. మీకు ఇద్దామని ఒళ్ళు దగ్గర పెట్టుకుని గీసి ఉంటుంది. నేనేమో కుండలో మెతుకు అన్నాను."

"ఏడవకు."

"ఏడుపు కాదిది. వెతికి వెతికి వదిలేశాను కదా, అది మీ దగ్గరుందని నాకేం తెలుసు? ఇన్నాళ్ళూ గుడ్డ కింద ఇక్కడే ఉంది. అమ్మకి ఫోన్ చెయ్యాలి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. ముందు గదిలో సిగ్నల్ వస్తుంది. ‘దాని పని దానికి చివరిదాకా తెలిసింది’ అని చెబుతాను. ఈసారి నా గొంతులో ఏం తప్పు పట్టుకుంటుందో చూస్తాను."

"వేలి సంగతి చెప్పకు. పెద్దావిడ కంగారు పడుతుంది."

"వేలి సంగతి చెప్పకుండా పలక సంగతి ఎలా చెబుతాను? కొంచెం నలిగిందంటాను. బావా, మీరు మాత్రం నన్ను క్షమించాలి. పక్కన పడుకున్న మనిషికి తెలియలేదన్నాను. మీకే బాగా తెలుసు అక్క. నాకంటే మీకే తెలుసు."

"వెళ్ళు. ఆవిడ పడుకునే వేళవుతోంది."

"వెళ్తున్నా. చెయ్యి పైకెత్తి పట్టుకోండి. ఎవరక్కడ? ఫిట్టరూ, నువ్వా? లోపలికి రా. రంపంతో పనిలేదు, మా అక్క వదిలించేసింది!"

"అమ్మగారు అలా నవ్వుకుంటూ పోతున్నారేమిటి సార్? అక్క అంటున్నారు. మేడమ్‌గారు పోయి…"

"రావయ్యా. బాగా తడిసిపోయావు."

"వంతెన మీద మోకాలిలోతు నీళ్ళు. చుట్టూ తిరిగి వచ్చాను. ఏదీ వేలు? అబ్బో. ఎముక విరగలేదనుకుంటా. అయినా డాక్టరుకి చూపించండి."

"చూపిస్తాను. ఈ వానలో శ్రమపడ్డావు. ఆ తువ్వాలు తీసుకుని తల తుడుచుకో."

"ఎలాగూ వచ్చాను కదా, ఈ వెనక మూత బిగించి పోతాను. సగం విప్పి ఉంది. మీరేనా విప్పింది?"

"ఊఁ."

"ఇదేమిటి సార్, ఎర్ర వైరు నల్లదాని చోట ఉంది. నల్లది ఎర్రదాని చోట ఉంది."

"అలాగా."

"సోల్డరింగ్ చూస్తే పాతదే. చెయ్యి తిరిగిన పనే, పొరపాటున కలిపినట్టు లేదు. ఎవరో కావాలనే మార్చారు. ఇలా ఉంటే స్విచ్చి కిందికి పెట్టినా పలకలో కరెంటు పైకే పోతుంది కదా?"

"మెల్లగా మాట్లాడు."

"బాణమూ పైకే చూస్తోంది, అయినా పలక వదిలింది, అంటే బాణం తప్పు సార్. పలక మీద బాణం తలకిందులుగా గీస్తే, ఎవరో వెనక వైర్లు మార్చి దాన్ని ఒప్పు చేశారు. ఎందుకంత తంటా? బాణం తుడిచేసి మళ్ళీ గీస్తే అరనిమిషంలో పోయేదిగా. రేపు కొత్తవాళ్ళు మూత తీస్తే ముందు ఇదే అడుగుతారు. ఎవరు సార్ ఈ పని చేసింది?"

"ముందు ఆ తలుపు వెయ్యి నాయనా. చప్పుడు కాకుండా."